పంతొమ్మిదో పేరు

సుబేదారి, హనుమకొండ
శనివారం సాయంత్రం

అక్కా,

నీకు, బావకు నమస్కారాలు. అత్తమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? స్వరూపకు జ్వరం మళ్లీ రాలేదు కదా? నేను బాగానే ఉన్నాను. ఈ మాట నమ్ము. వేళకు తింటున్నాను. ఒంట్లో ఏ బాధా లేదు.

టీచర్ల శిక్షణ ఈరోజుతో అయిపోయింది. ఈ చివరి రోజు ఎట్లా గడిచిందో ముందు రాస్తాను. తొమ్మిదింటికి కాశిబుగ్గ దగ్గరి బడిలో హాజరు తీసుకున్నాను. పదింటికి అందరం కాశిబుగ్గకు నడిచిపోయాం. మొగిలయ్య అనే నేతపనివాడి ఇంటి దగ్గర ఐదు జట్లూ తాము చేసిన పని చూపించాయి. వాడకట్టు వాళ్లంతా వచ్చి చూశారు. పై అధికారి వచ్చి కాసేపు కూర్చుని, బాగుందని చెప్పి జీపెక్కి పోయాడు. పన్నెండింటికి పులిహోర పొట్లాలు పంచాం. బడికి తిరిగొచ్చి ఫోటో దిగాం. సర్టిఫికెట్లు ఇచ్చాం. రెండింటికల్లా అందరూ బస్టాండుకు పోయారు. నేను బల్లలు గోడకు జరిపి, నల్లబల్ల తుడిచి, హాజరు రిజిస్టరు సంచిలో పెట్టుకుని, తాళం వేసి, సైకిలు మీద ఇంటికి వచ్చాను.

ఎవరడిగినా ఇంతే చెబుతాను. నీకు మాత్రం మిగతాది రాయాలి. స్వరూప కోసం రాయాలి.

ఈ ఉత్తరం ఐలయ్య సార్ తెస్తాడు. మా శిక్షణకు వచ్చిన టీచరు, మరిపెడ అవతలి బడిలో పనిచేస్తాడు. ఆయనకు ఇక్కడ చుట్టాల ఇంట్లో పని ఉండి ఆగాడు. ఆరింటి బస్సుకు బయలుదేరి, దారిలో మన స్టేజీ దగ్గర దిగి, నీ చేతికి ఇచ్చి పోతానన్నాడు. నేనూ అదే బస్సు ఎక్కవచ్చు. ఎక్కడం లేదు. నేను వచ్చేలోగా నువ్వు, బావ ఇది చదవాలి. మనం ముగ్గురం ఒక్క మాట మీద ఉండాలి. కార్తీకంలోనూ ఒక్క మాట మీదే ఉన్నాం. ఆ మాట అబద్ధం.

అనసూయను దవాఖానకు తీసుకుపోయిన రోజు స్వరూపను నీ దగ్గర వదిలాను. నాలుగో రోజు ఒక్కణ్నే వచ్చాను. గడపలో నిలబడి "అమ్మేది బాపూ?" అని అడిగింది. "హనుమకొండల ట్రైనింగుకు పోయింది బిడ్డా" అన్నాను. అనసూయ పేరును ట్రైనింగుకు పంపినట్టు అంతకు ముందు నెలే వాళ్ల బడికి కాగితం వచ్చింది. అందుకే ఆ మాట నోటికి వచ్చింది. నువ్వు తల ఊపావు. బావ తల ఊపాడు. ఏడేళ్ల పిల్ల నమ్మింది. పెద్దకర్మ రోజు దాన్ని చేను దగ్గర ఆడిస్తూ కూర్చోబెట్టాం.

ఆ తర్వాత నన్నే ఇక్కడికి బదిలీ చేశారు, టీచర్లకు శిక్షణ ఇచ్చే పనికి. నేను అడుక్కున్నదే. వచ్చి రెండు నెలలయింది. ఎండలు మండుతున్నాయి. పదకొండు దాటితే రోడ్డు మీద మనిషి కనిపించడు. మెస్సులో అన్నం పరవాలేదు, పప్పే నీళ్లు. నువ్వు పంపిన మామిడికాయ తొక్కు అయిపోయింది. వీలుంటే ఇంకొంచెం పెట్టు.

సుబేదారిలో రెండు అర్రల ఇల్లు దొరికింది. ఒంటరి మగవాడికి ఇక్కడ ఇల్లు ఇవ్వరు. ఇంటి యజమానురాలు కౌసల్యమ్మ, చౌరస్తాలో కిరాణా కొట్టు వాళ్ల తల్లి, "ఇంటామె ఏదీ?" అని అడిగింది. "తర్వాత వస్తుంది" అన్నాను. అనసూయ గురించి నేను చెప్పిన రెండో అబద్ధం అది.

ఇక శిక్షణ. మేం కాలేజీలో ప్రాజెక్టు పద్ధతి గురించి పరీక్షకు పది మార్కుల జవాబు రాశాం. ఒక్క ప్రాజెక్టూ చేయలేదు. టీచర్లకు చెప్పే శిక్షణ కూడా అట్లాగే సాగుతుంది. ఒకరు ఉపన్యాసం చెబుతారు, ముప్పై మంది రాసుకుంటారు. దాన్ని మార్చాలనుకున్నాను. నా తెలివి కాదు. అనసూయ పాఠాల నోటుబుక్కులు నా పెట్టెలో ఉన్నాయి. ప్రతి పాఠం పైన ఆమె ఒక్క ప్రశ్న రాసుకునేది: "ఇది అయ్యాక పిల్ల ఏం చేసి చూపిస్తుంది?" పన్నెండు రోజుల శిక్షణనూ ఆ ప్రశ్న మీదే కట్టాను. పొద్దున నల్లబల్ల మీద ఒక్క వాక్యం, సాయంత్రానికి టీచరు ఏం చేయగలగాలో. సాయంత్రం చేసి చూపాలి. రాకపోతే మర్నాడు మళ్లీ అదే.

మొదటి రోజే పేచీ. ఐలయ్య సార్ లేచాడు. "ఇదంతెందుకు సార్, నోట్సు చెప్పుండ్రి, రాసుకొని పోతం. ఉద్దేశాలంటే మాకు ఎర్కలేదా? 'పిల్లలు కూడికను అర్థము చేసుకొందురు.' ఇరవై ఏండ్ల సంది అదే రాస్తానం."

"అర్థమైందని మీకెట్లా తెలుస్తుంది?" అన్నాను.

"తలకాయ ఊపుతరు గద సార్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు గుర్తొచ్చింది మాత్రం గడపలో స్వరూప ముందు తలలు ఊపిన మనం.

కార్యాలయం పంపిన పేర్ల పట్టికలో ముప్పై మంది. పంతొమ్మిదో పేరు అనసూయది. పోయినేడు పంపిన పేరు, ఎవరూ తీయలేదు. తీయవలసింది నేనే. ఎర్రసిరాతో ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాస్తే అయిపోయేది. రాయలేదు. వచ్చింది ఇరవై తొమ్మిది మంది. మొదటి రోజు హాజరు పిలుస్తూ పద్దెనిమిది దాకా వచ్చి ఆగాను. పేరు పిలవలేదు. ఒక మనిషి "ఉన్న సార్" అనడానికి పట్టేంత సేపు ఊరుకుని, ఇరవయ్యో పేరు పిలిచాను. రోజూ అదే చేశాను.

ఇరవయ్యో పేరు ఐలయ్య సార్‌ది. ఆరో రోజున అడిగేశాడు. "సార్, నా ముంగట నంబరు ఎవలు సార్? రోజు ఆడికొచ్చి ఆగి, తలుపు దిక్కు సూస్తాండ్రు."

"ఒక టీచరమ్మ. ఇంకా చేరలేదు."

"సగం ట్రైనింగు అయిపాయె, ఇంకేం చేరుతది సార్? కొట్టేయుండ్రి. అన్ని జట్లల్ల ఆరుగురు, మా జట్టుల అయిదుగురమే. జర తక్లీఫైతాంది."

భాగ్యమ్మ టీచరు, అదే జట్టు మనిషి, ఊరుకోలేదు. "వచ్చే ఉన్నదేమో సార్. ఐలయ్య సార్‌కు కనవడతలేదేమో. అద్దాలు మార్చుకోమంటే ఇంటలేడు."

మళ్లీ నవ్వులు. ఐలయ్య సార్ తన పక్క ఖాళీ జాగా వైపు చూసి, కొంచెం ఇవతలికి జరిగాడు.

ఎనిమిదో రోజు నుంచి ప్రాజెక్టు పని. మొగిలయ్య మగ్గం మీద అప్పుడే ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేయడం అయిపోయింది. నేసిన బట్ట కోసి తీసినా, పాత పోగుల కొసలను అచ్చులోనే ఉంచుతారు. అచ్చు అంటే దువ్వెన లాంటిది, ప్రతి పోగూ దాని పళ్ల సందులోంచి పోతుంది. కొత్త పడుగులోని పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకే అతుకుతారు. మొగిలయ్య భార్య రాజవ్వ చేస్తుంది ఆ పని. వంట, దారం కండెలు చుట్టడం మధ్యలో చేసుకుంటుంది కాబట్టి నాలుగు రోజులు పట్టింది.

"పాతదంత తీసేసి కొత్తగ ఎక్కియ్యరాదా?" అని భాగ్యమ్మ టీచరు అడిగింది.

"తీసేస్తే మల్ల మొదటి సంది ఎక్కియ్యాలె టీచరమ్మా. సచ్చేంత పని" అన్నాడు మొగిలయ్య. "గీ కొసలున్నయనే కొత్తది నడుస్తది."

టీచర్లకు నేనిచ్చిన పని ఇది: పడుగులో ఎన్ని పోగులున్నాయో నాలుగో తరగతి పిల్ల తానే కనుక్కుని చూపించాలి. దారి వాళ్లే వెతకాలి. నాలుగు జట్లు ఒక అంగుళం కొలిచి, ఎంచి, హెచ్చవేశాయి. ఐలయ్య సార్ జట్టు వేరే దారి పట్టింది. రాజవ్వ అతికే ప్రతి ఇరవై పోగులకు ఒక ఎర్రదారం ముడి వేస్తూ పోవాలి. ఆఖరున పిల్ల ముడులను లెక్కపెట్టాలి. పనులు ఆరు, మనుషులు అయిదుగురు. ముడులు వేయడం ఆరో పని. "ఎవరు వేస్తారో మీలో మీరు చూసుకోండి" అన్నాను. రోజూ సాయంత్రం చూస్తే ముడులు పడి ఉండేవి. నేను అడగలేదు.

ఆ రోజుల్లోనే కౌసల్యమ్మ నన్ను వాకిట్లో ఆపింది.

"సారూ, ఇంటామెను తోల్కొచ్చుకున్నరా? చెప్పనన్న చెప్పకపోతిరి."

"లేదమ్మా. ఎవరూ రాలేదు."

"గట్లంటరేంది? పగటీలి అర్రల మాట ఇనవడె గద. పిల్లలకు పాఠం చెప్పినట్టు, ఒక్కటే ముచ్చట మల్ల మల్ల."

"ఏం ముచ్చట?"

"సరింగ ఇనలే. 'చేసి సూపెట్టు' అన్నట్టున్నది."

నేను తాళం వేసి పోతాను. తాళం వేసినట్టే ఉంది. అర్రలో చాప, పెట్టె, నా పుస్తకాలు. అనసూయ నోటుబుక్కు మూసి పెట్టానో, తెరిచి పెట్టానో జ్ఞాపకం లేదు. తెరిచి ఉంది. మర్నాడు మధ్యాహ్నం పని వదిలి సైకిలు మీద ఎండలో వచ్చాను. ఎవరూ లేరు. గోడకు చెవి పెట్టి పావుగంట నిలబడ్డాను. ఇట్లా మూడు రోజులు వచ్చాను.

నువ్వు భయపడతావని తెలుసు. నాకు భయం వేయలేదు. ఇంకో ఇల్లు వెతకలేదు.

గురువారం నీ ఉత్తరం అందింది. శనివారంతో ట్రైనింగు అయిపోతుందని నేను నీకు రాశాను. నువ్వు అది బావకు చదివి వినిపిస్తుంటే స్వరూప విన్నది. ఆ రోజు నుంచి వేళ్ల మీద లెక్కపెడుతున్నదని, సాయంత్రం స్టేజీ దగ్గరికి పోయి కూర్చుంటున్నదని రాశావు. "మీ అమ్మ సచ్చిపోయింది" అన్నందుకు పక్కింటి సరోజను కొట్టిందని రాశావు. జడ విప్పనివ్వడం లేదని, "అమ్మ ఆదివారం వచ్చి ఏస్తది" అంటున్నదని రాశావు. నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. జవాబు రాయలేదు.

ఇంకొకటీ రాశావు. పలక మీద ఎడమచేత్తో రాస్తుంటే చేతి మీద కొడుతున్నానని. కొట్టకు అక్కా. వాళ్లమ్మదీ ఎడమచేతి వాటమే. అన్నం ఒక్కటి కుడిచేత్తో తింటే చాలు, రాతకు ఏ చెయ్యయినా ఒకటే.

ఈరోజు పొద్దున కాశిబుగ్గలో జరిగింది ఇది. ఐలయ్య సార్ జట్టు వంతు వచ్చింది. మొగిలయ్య మనవరాలు, నాలుగో తరగతి పిల్ల, మగ్గం ముందు నిలబడి ఎర్రముడులు ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టింది. ఇరవైతో హెచ్చవేసింది. చివర మిగిలిన పోగులు కలిపి, అంకె గట్టిగా చెప్పింది. మొగిలయ్య "కరెక్టు!" అని తొడ మీద చరుచుకున్నాడు. వాడకట్టంతా నవ్వింది. నాలుగు రోజుల కింద ఆ పిల్లకు హెచ్చవేత రాదు. ఆ ఒక్క నిమిషం నాకు సంతోషం వేసింది. నిజం.

అధికారి "ముడులు ఎవరు వేశారు? ఒక్కటీ తప్పు పోలేదు" అన్నాడు.

"భాగ్యమ్మ టీచర్ సార్" అన్నాడు ఐలయ్య సార్.

"నేనెక్కడ ఏసిన? నేను అచ్చు కొలిచిన. నువ్వే ఏస్తానవనుకున్న."

"నాకు సూదిల దారమే ఎక్కియ్యరాదు, ముడులేస్తనా?"

మిగతా ముగ్గురూ తాము కాదన్నారు. అధికారి నవ్వి లేచాడు. మొగిలయ్య వంగి ముడుల్ని వేలితో తిప్పి చూశాడు. "ఇవి ఎడమచేతి ముడులు సారూ. మెలి ఉల్టా ఉన్నది. మా ఇంట్ల ఎవలం గిట్ల ఎయ్యం."

ఆ జట్టులో ఎడమచేతి వాళ్లు ఎవరూ లేరు. పన్నెండు రోజులు వాళ్ల రాత చూశాను.

అందరూ పొట్లాల దగ్గరికి పోయారు. రాజవ్వ నా దగ్గరికి వచ్చింది. మగ్గం మీద బతికిన మనిషి, చూపు బాగా మందగించింది, పోగులు వేళ్ల అలవాటుతోనే అతుకుతుంది.

"సారూ, ఆ టీచరమ్మ ఏది? ఇయ్యాల రాలే?"

"ఏ టీచరమ్మ?"

"గదే, ముడులేసిన బిడ్డ. అందరు అన్నాలకు పోయినంక పగటీలి వచ్చేది. నా కండ్లు మసకలాయె, మొఖం తెల్వది. చెయ్యి సూసిన. ఎడమచేత్తోటి ఏస్తది. గా చెయ్యేంది బిడ్డా అంటే నవ్వింది."

"ఏమన్నా మాట్లాడిందా?"

"నిన్న మాట్లాడింది. 'ఇగ రానవ్వా, ట్రైనింగు అయిపాయె. నా బిడ్డ ఎదురుసూస్తాంది, పోవాలె' అన్నది."

శిక్షణలో ఆడవాళ్లు తొమ్మిది మంది. వేరే జట్టు టీచరు ఎవరైనా సరదాకు వచ్చి వేసి ఉండవచ్చు. వాళ్లకూ పిల్లలున్నారు. తొమ్మిది మందినీ అడిగితే ఒక్క నిమిషంలో తేలేది. అడగలేదు. అడగకపోవడానికి కారణం నీకు తెలుసు.

ఇంటికి వచ్చి రిజిస్టరు తెరిచాను, సోమవారం అప్పజెప్పాలి. పంతొమ్మిదో వరుస ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేదు. పన్నెండు రోజులూ హాజరు పడి ఉంది. సిరా నాదే. చేతిరాత నాదే. వేసిన జ్ఞాపకం ఒక్క రోజుదీ లేదు.

అక్కా, కాసేపు ఆ పేజీ ముందు కూర్చున్నాను. ఇన్నాళ్లూ చేస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది. స్వరూపకు చెప్పిన అబద్ధాన్ని నిజం చేస్తూ వచ్చాను. పేరు ఉంచాను, జాగా ఉంచాను, ఇల్లు ఉంచాను. పగలు ఇంట్లో పాఠం వినిపిస్తుందంటే లోపల సంతోషించాను. స్వరూపను ఇక్కడికి తెచ్చుకొమ్మని నువ్వు రెండుసార్లు రాసినా ఏదో సాకు చెప్పాను. పిల్ల వస్తే ఇవన్నీ ఆగిపోతాయని. నేను ఇక్కడ వింటూ కూర్చుంటే, అది అక్కడ స్టేజీ దగ్గర కూర్చుంది.

ఎర్రసిరా తీసి గీత కొట్టాను. కారణం గడిలో "మరణించినందున" అని రాశాను. ఆ మాట రాయడం ఇదే మొదటిసారి. కింద సంతకం పెట్టాను. కిటికీ బయట కౌసల్యమ్మ వడియాలు తీస్తున్నది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఇప్పుడూ లేదు.

రేపటికి ఒక్క వాక్యం రాసుకున్నాను. "సాయంత్రానికి స్వరూప, అమ్మ చనిపోయిందని తన నోటితో చెప్పగలగాలి." తల ఊపితే లెక్కకు రాదు.

అందుకని నువ్వు చేయవలసినవి. నేను వచ్చేదాకా దానికి ఏమీ చెప్పకు. జడ విప్పకు. రేపు పొద్దున స్టేజీ దగ్గరికి పోతానంటే ఆపకు. బావను వెంట పంపు. దాని బట్టలు, పలక ఒక సంచిలో సర్దిపెట్టు. బడి తెరిచే నాటికి ఇక్కడే చేర్పిస్తాను. కౌసల్యమ్మకు కూడా నిజం చెప్పి ఉంచుతాను. ఇల్లు ఖాళీ చేయమంటే ఇంకోటి చూసుకుంటాను.

ఇంకొకటి. ఈ రాత్రి తలుపుకు గొళ్లెం వేయి. ఎవరైనా పిలిచినట్టు స్వరూప లేచి కూర్చుంటే దగ్గరికి తీసుకుని పడుకోబెట్టు. గొళ్లెం తీయనివ్వకు. ఈ మాట రాయడానికి నాకు చేయి రాలేదు. అయినా రాస్తున్నాను.

ఐలయ్య సార్ వాకిట్లోకి వచ్చాడు. అత్తమ్మకు నా దండాలు చెప్పు. బావను నా మీద కోపం పెట్టుకోవద్దను. తల ఊపింది ఆయనైనా, ఊపించింది నేను. నువ్వు పెద్దదానివి, నన్ను దీవించు. రేపటికి ఆ దీవెన కావాలి.

రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తాను. స్టేజీ దగ్గర ఒక్కణ్నే దిగుతాను. నా వెనక ఇంకెవరూ దిగకపోవడం స్వరూప చూస్తుంది. బస్సు పోయేదాకా చూడనిస్తాను. తర్వాత అక్కడే కూర్చోబెట్టి దాని జడ విప్పి, దువ్వి, అల్లి, రిబ్బనుకు నా కుడిచేతి ముడి వేస్తాను. అది చేత్తో తడిమి చూసుకుంటుంది. అప్పుడు చెబుతాను.

నీ తమ్ముడు
రామచంద్రం